చిరిగిన పేజీ

మా పాప శిశుగృహ నుంచి మా ఇంటికొచ్చేసరికి దానికి ఆరేళ్లు. పగలంతా బాగానే ఉండేది. రాత్రి లైటు తీస్తే చాలు, దిండు కింద దాచుకున్న చపాతీ ముక్క పట్టుకుని ఏడ్చేది. ఎందుకమ్మా అంటే చెప్పేది కాదు. చెప్పడానికి దాని దగ్గర మాటల్లేవని నాకు ఆలస్యంగా తట్టింది.

అప్పుడు పుస్తకాలు పట్టుకున్నాను. మారిస్ సెండాక్ 1963లో వేసిన బొమ్మల పుస్తకం, 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్'. అల్లరి చేసిన మాక్స్‌ని వాళ్లమ్మ అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. వాడు వింతమృగాల దీవికెళ్లి, వాటికి రాజై, ఇంటిమీద బెంగపడి తిరిగొస్తాడు. గదిలో అన్నం ఇంకా వేడిగానే ఉంటుంది.

తెలుగులో చెబుతూ చదివాను. అన్నం పెట్టని పేజీ రాగానే పర్రున చింపేసింది. తిండి దాచుకునే పిల్లకి ఆ కథ ఎంచుకున్న నా తెలివికి ఏమనాలి! ఇద్దరం కూర్చుని టేపుతో అతికించాం.

మర్నాడు మళ్లీ అదే కావాలంది. నీకేమైందంటే మూసుకునే నోరు, మాక్స్‌కేమైందంటే తెరుచుకుంది.

"అన్నం ఎవరు పెట్టారు?"

"వాళ్లమ్మే."

"కోపం పోయిందా?"

"కోపమున్నా పెడుతుంది."

మొన్న నామీద అలిగి, కంచం తోసేసి గది తలుపేసుకుంది. కాసేపటికి లోపల్నుంచి అడిగింది, "నా అన్నం వేడిగా ఉందా?"

చల్లారిపోయింది. పరుగున వెళ్లి పొయ్యి వెలిగించాను.