ప్రశ్న ముందు, పాఠం తర్వాత

శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి వదిలి మేడ్చల్ వైపు తిరిగితే, ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరున్న నేలలో ఇప్పుడు గోడౌన్లు, వెంచర్ల హద్దురాళ్లు కనిపిస్తాయి. ఆ గోడౌన్లలో పనికి ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు కూడా ఇక్కడి సర్కారు బడుల్లోనే చదువుకుంటారు. నేను వెళ్లింది అలాంటి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు. ఆ రోజు అక్కడ స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. చుట్టుపక్కల బడుల లెక్కల టీచర్లంతా ఒక గదిలో చేరారు. చర్చకు పెట్టుకున్నది ఒకటే: చెప్పిన పాఠానికీ పెట్టిన పరీక్షకూ పొంతన ఉందా?

సమావేశం నడిపిన మేడమ్ ఉపన్యాసం జోలికి పోలేదు. బోర్డు మీద మూడు గడులు గీశారు. ఏం నేర్పాం, పిల్లలతో ఏం చేయించాం, ఏం అడిగాం. టీచర్లు తాము పెట్టిన స్లిప్ టెస్టు (లఘు పరీక్ష) కాగితాలు వెంట తెచ్చుకున్నారు. ఒక్కో ప్రశ్నా చదువుతూ గడులు నింపడం మొదలైంది.

ఎనిమిదో తరగతి, సమతల పటాల వైశాల్యాలు. ఒక సారు ఈ పాఠం బాగా చెప్పారు. పిల్లల చేత ఒకే కొలతల ట్రెపీజియంలు రెండేసి కత్తిరించి, ఒకదాన్ని తిప్పి రెండోదాని పక్కన పెట్టించారు. సమాంతర చతుర్భుజం వచ్చింది. సమాంతర భుజాలు 8, 5 సెంటీమీటర్లు, ఎత్తు 4. కలిపిన బొమ్మ భూమి 13, వైశాల్యం 52. అందులో సగం, 26, ఒక్కో ట్రెపీజియానిది. సూత్రం పిల్లల చేతుల్లోనే పుట్టింది. మరి పరీక్షలో అడిగిందేమిటి? "ట్రెపీజియం వైశాల్య సూత్రం రాయండి." కాగితం ముట్టుకోకుండా గైడు బట్టీ కొట్టిన పిల్లవాడికీ ఇక్కడ అవే మార్కులు.

మూడో గడి దగ్గర సారు కాసేపు ఆగి, కొత్త ప్రశ్న రాశారు: "రెండు ట్రెపీజియంలు కలిపితే వచ్చిన బొమ్మ భూమి ఎంత? సూత్రంలో సగం ఎందుకు వచ్చింది?" మేడమ్ పక్కన 'కారణాలు చెప్పడం, నిరూపణ' అని రాశారు. రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో గణితానికి చెప్పిన విద్యాప్రమాణాల్లో అదొకటి. సమస్యాసాధనకు 40 శాతం భారమిస్తే దీనికి 20 శాతం ఇచ్చారు. ఆ పట్టిక టీచర్లందరికీ తెలుసు. ప్రశ్నపత్రం రాసేటప్పుడే గుర్తుకు రాదు.

పాఠానికీ పరీక్షకూ తేడా ఇంకో వైపు నుంచీ వస్తుంది. 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది, ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాషగా పుస్తకాలొచ్చాయి. ఒక టీచరమ్మ చెప్పారు: తరగతిలో బొమ్మ గీసి, ఎత్తు చూపించి, తెలుగులోనే లెక్క చేయిస్తాం, పరీక్షలో బొమ్మ తీసేసి నాలుగు వరుసల ఇంగ్లిష్ వాక్యం ఇస్తాం. అప్పుడు మనం తూచేది లెక్కనా, చదవడాన్నా? ఆ వాక్యం పక్కన ఒక బొమ్మ గీస్తే చాలన్నారు మరొకరు. అందరూ ఒప్పుకున్నారు.

ఒక కుర్ర మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. "ఆఖరికి పబ్లిక్‌ల ఏమొస్తదో అదే చెప్పాలె గద మేడమ్" అన్నారు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. పదో తరగతిలో 80 మార్కుల పేపరు బయటినుంచి వస్తుంది. నిర్మాణాత్మక మూల్యాంకనం 20 మార్కులే బడి చేతిలో ఉండేవి: భాగస్వామ్యం, రాతపని, ప్రాజెక్టు, లఘు పరీక్ష, ఒక్కోదానికి అయిదు. వీటిని కొన్ని బడులు అందరికీ ఉదారంగా వేస్తున్నాయన్న విమర్శ పాతదే. 2024 నవంబరులో ప్రభుత్వం ఈ ఇంటర్నల్ మార్కులు ఎత్తేస్తున్నట్టు ప్రకటించి, వెంటనే ఆ ఏడాదికి వెనక్కి తగ్గింది.

నా మటుకు నాకు, తప్పు ఆ 20 మార్కుల్లో లేదు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ 2009లోనే నిరంతర సమగ్ర మూల్యాంకనం గురించి చెప్పింది. కత్తిరించి అతికించడం, తోటివాడికి వివరించడం, ఊరి చెరువు కొలతలు సేకరించి లెక్క కట్టడం మూడు గంటల పేపర్లో పట్టవు. వాటికి చోటు బడిలో పెట్టే పరీక్షలోనే. పైగా టీచరు తానే ప్రశ్న రాసుకునే వీలు ఎక్కువగా దొరికేది స్లిప్ టెస్టులోనే. దాన్ని కూడా గైడు చేతికిస్తే ఇక మిగిలేదేముంది?

శామీర్‌పేటకు దగ్గర్లోనే 2008 నుంచి బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఉంది. అక్కడ సెమిస్టర్ మొదట్లోనే ప్రతి కోర్సుకూ హ్యాండవుట్ ఇస్తారు. ఏం చెబుతారు, ఏ పరీక్షకెంత భారం, పుస్తకం చూసి రాసేదా చూడకుండా రాసేదా, అన్నీ అందులో ఉంటాయి. ఎనిమిదో తరగతి పిల్లలకు అంత కాగితం అక్కర్లేదు. టీచరు దగ్గర మాత్రం ఉండాలి.

ఆ సాయంత్రం తీర్మానం చిన్నదే. తరువాతి యూనిట్‌కు పాఠ్యప్రణాళిక రాసేముందు స్లిప్ టెస్టు రాయాలి. తరగతిలో ఏ పని చేయించినా, అది ఆ ప్రశ్నల్లో ఒకదానికి దారి తీయాలి. ఏ పనీ దారి తీయని ప్రశ్న ఉంటే దాన్నైనా కొట్టేయాలి, పాఠాన్నైనా మార్చాలి. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లేవాళ్లూ ఈ పద్ధతి పట్టుకోవచ్చు. మావాడికెన్ని వచ్చాయని అడిగేముందు ప్రశ్నపత్రం చూపించమనాలి. అందులో ఉన్నది వాడు తరగతిలో చేసినదేనా అని ఇంటికెళ్లి వాడినే అడగాలి.