లాప్‌టాప్‌లో చుట్టం

పాత సామాను బయటికి తోసేయడంలో మా ఇంట్లో నేనే ముందుంటాను. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఏడాదిగా వాడనిదేది కనపడినా గుమ్మం దాటాల్సిందే. అలాగే నాలుగేళ్ళ క్రితం మా మామయ్యగారి కంప్యూటర్ని పాత సామాన్ల అతనికి ఇచ్చేశాను. 350 రూపాయలు చేతిలో పెట్టాడు. మామయ్యగారు పోయి అప్పటికి రెండేళ్ళు. వరండాలో కూర్చున్న అత్తయ్యగారు చూశారు, ఏమీ అనలేదు. అనలేదు కదా, ఆవిడకీ అక్కర్లేదేమో అనుకున్నాను.

మామయ్యగారికి తెనాలిలో చిన్న డీటీపీ షాపు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు వేసేవారు. మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్ళి కుదిరింది. "అమ్మమ్మ చేత పాటలు పాడించాలి" అని ఆ పిల్ల పట్టు. అత్తయ్యగారు నలుగు పాట మొదలుపెట్టారు. రెండు చరణాలయ్యాక ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అక్కడే ఆగారు. 78 ఏళ్ళు మరి.

"మీ మామయ్య అన్నీ టైపు కొట్టి పెట్టారమ్మాయ్. నలుగు, బంతులాట, తలుపు దగ్గర పాటలు, అప్పగింతలు... షాపు కట్టేసి వచ్చాక నేను పాడుతుంటే కొట్టేవారు. ఆ కంప్యూటర్లో ఉండేవి" అన్నారు, చాలా మామూలుగా. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆవిడే ట్రంకుపెట్టె తీసి పట్టుచీరల అడుగునుంచి ఒక రేకు డబ్బా ఇచ్చారు. అందులో స్కెచ్ పెన్నుతో 'పాటలు' అని రాసిన సీడీలు రెండు, విండోస్ ఎక్స్‌పీ సీడీ, పేజ్‌మేకర్ 7 సీడీ, అను ఫాంట్ల సీడీ. పై ఇంటివాళ్ళ దగ్గర సీడీ డ్రైవు అరువు తెచ్చి లాప్‌టాప్‌కి తగిలించాను. మొదటి సీడీలో ఫైళ్ళు కనపడ్డాయి కానీ ఏ ప్రోగ్రామూ తెరవలేదు. ఒక చిన్న ఫైలు వర్డ్‌లో తెరుచుకుంది, అందులో తెలుగు ముక్క లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, పిచ్చి గీతలు!

హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా అబ్బాయికి ఫోన్ చేశాను. వాడు చెప్పాకే అర్థమైంది. ఆ రోజుల్లో ఇలాంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టేవట. ఆ ఫాంటు ఉంటే తెలుగు, తీసేస్తే అడుగునున్న ఇంగ్లీషు బయటపడుతుంది. ఇప్పుడు మన ఫోన్లలో ఉన్న యూనికోడ్ అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత నంబరు ఉంటుంది.

"అయితే మరి పాత కంప్యూటరు ఎక్కడ దొరుకుతుందిరా?"

"కొనక్కర్లేదమ్మా, నీ లాప్‌టాప్‌లోనే ఒకటి కట్టుకో. వర్చువల్ మెషీన్ అంటారు."

నాకు అర్థమైన భాషలో చెప్తాను. మన ఇంట్లోనే ఒక గది వేరుచేసి చుట్టాన్ని దింపినట్టు. గోడలు, కరెంటు, నీళ్ళు మనవే. లోపల ఉన్న చుట్టం మాత్రం అది తన సొంత ఇల్లే అనుకుంటాడు. వాళ్ళ భాషలోనూ అసలు కంప్యూటరు 'హోస్ట్', లోపలిది 'గెస్ట్'. వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఈ గదికి ఎంత మెమరీ ఇస్తావు, ఎంత డిస్క్ ఇస్తావు అని అడుగుతుంది. నా లాప్‌టాప్‌కి ఉన్న 8 జీబీలో 512 ఎంబీ ఇస్తేనే ఎక్స్‌పీకి ఎక్కువైంది. 2001 నాటిది కదా, పాపం, అల్పసంతోషి.

మొదటిసారి ఆ కిటికీలో క్లిక్ చేయగానే మౌస్ బాణం లోపలే ఉండిపోయింది, ఎంత లాగినా బయటికి రాలేదు. లాప్‌టాప్ పాడుచేశానని కంగారు పడ్డాను. కుడివైపు కంట్రోల్ మీట నొక్కితే వదిలేస్తుందట! ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ నుంచి రక్షణ అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి, మా అబ్బాయి చెప్పినట్టు ఆ గదికి ఇంటర్నెట్ తలుపు మూసేశాను. అన్నీ ఎక్కించాక 'స్నాప్‌షాట్' తీయమన్నాడు. పెరుగు మొత్తం వాడేయకుండా తోడుకి కాస్త తీసిపెట్టుకుంటాం చూడండి, అలాంటిదే. తర్వాత ఏది చెడినా అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. మూడోనాడు ఫైలు తెరిస్తే పేజీ నిండా గుండ్రటి తెలుగు అక్షరాలు, పైన ముగ్గు అంచు, కింద పేజీ నంబరు. లాప్‌టాప్ ఎత్తుకుని అత్తయ్యగారి మంచం దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. పాట చదవలేదు, ముగ్గు మీద వేలు పెట్టారు.

"ఇది నేను వేసిన ముగ్గే. కాగితం మీద వేయించుకుని వెళ్ళారు."

రెండో సీడీ మాత్రం చదవలేదు. మచ్చలు పడిపోయింది. అప్పగింతల పాటలు దాన్లోనే ఉన్నాయట. ఆ కంప్యూటరు ఉండి ఉంటే దొరికేవేమో. ఆ మాట నేనే పైకి అనేశాను, కళ్ళనీళ్ళు ఆగలేదు. "నాకు గుర్తున్నంతవరకు పాడతాను, నువ్వు కొట్టు. ఆయనకైనా నేనేగా చెప్పింది" అన్నారు అత్తయ్యగారు.

అలా మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ పాడుతుంటే నేను యూనికోడ్‌లో కొడుతున్నాను. దొరికినవి 23 పాటలు, వాటినీ చూసి తిరిగి కొడుతున్నాను. ఒక పాటలో ఆవిడ ఆపి, "ఇక్కడ మీ మామయ్య తప్పు కొట్టారు. ఎన్నిసార్లు చెప్పినా దిద్దలేదు" అన్నారు. దిద్దమంటారా అని అడిగాను. కాసేపాలోచించి, "దిద్దు. పిల్లలు తప్పు పాడతారు. ఆ పాతదాన్లో మాత్రం అలాగే ఉంచు" అన్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి సీడీలు, పాత కంప్యూటర్లు ఉంటే తూకానికి వేసేముందు ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కసారి అడగండి. వాళ్ళు ఊరుకున్నారంటే అక్కర్లేదని కాదు. నాకు ఇంత ఆలస్యంగా తెలిసింది.