సిస్టర్ అవ్వాలంటే ఎన్నేళ్ళుండాలి?

మనకి తెలిసిన వయోపరిమితులు కొన్నే. గ్రూప్స్ నోటిఫికేషన్లో ఒకటి, బ్యాంకు పరీక్షల్లో ఒకటి, పెళ్ళి సంబంధాల దగ్గర ఎవరూ కాగితమ్మీద పెట్టని ఇంకొకటి. కాథలిక్ సిస్టర్ కావటానికి కూడా వయసు లెక్కలుంటాయని, వాటికో పెద్ద చట్టమే ఉందని మొన్న మొన్నటిదాకా నాకు పట్టలేదు. కాన్వెంటు అనగానే నాకు గుర్తొచ్చేది ఎల్కేజీ సీటే!

ఇప్పుడెందుకు పట్టిందంటే, మా టీములో టెస్టింగు చేసే అమ్మాయి ఉద్యోగం మానేసి సిస్టర్‌గా చేరతానంటోంది. గుంటూరు వైపు కాథలిక్ కుటుంబం. వయసు 28. ఆరేళ్ళ ఎక్స్‌పీరియన్సు. ప్రేమలో దెబ్బతినలేదు, అప్రైజల్లో రేటింగు తగ్గలేదు, లేఆఫ్ భయం లేదు. (ఇవన్నీ నేను ఊహించినవి కాదు, ఆఫీసులో జనం వరసపెట్టి ఊహించి ఆవిణ్ణే అడిగేసినవి.) "చిన్నప్పట్నించీ అనుకుంటున్నదే, ఇప్పటికి ధైర్యమొచ్చింది" అంది. అంతే.

వాళ్ళ నాన్నగారు ఎలాగో నా నంబరు పట్టుకుని ఫోన్ చేశారు. "బాబూ, నువ్వన్నా చెప్పు నాయనా. మా మాటైతే వినటంలా" అన్నారు. ఏమని చెప్పాలి? నేను కాథలిక్కుని కాను. మాది ఏటికొప్పాక, లక్క బొమ్మల ఊరు. పైగా స్పెసిఫికేషన్ చదవకుండా బగ్ రిపోర్టు రాసే అలవాటు నాకు లేదు. అందుకని ముందు వాళ్ళ రూల్సేమిటో చదువుదామని కూర్చున్నాను.

ఇప్పుడు అమల్లో ఉన్న చర్చి చట్టం 1983లో వచ్చింది. అందులో కనీస వయసు మూడు మెట్లుగా ఉంది. నొవిషియేట్ అనే శిక్షణలోకి రావాలంటే 17 నిండాలి. మొదటి వ్రతాలకి 18 నిండాలి. శాశ్వత వ్రతాలకి 21 నిండాలి. వ్రతాలు మూడు: బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత.

వయసుంటే సరిపోదు, మధ్యలో గడపాల్సిన కాలం కూడా ఉంది. నొవిషియేట్ కనీసం 12 నెలలు. దానికి ముందు ఏడాదో రెండేళ్ళో ఊరికే వాళ్ళతో ఉండి చూసే దశ చాలా సంస్థల్లో ఉంటుంది. నొవిషియేట్ అయ్యాక తీసుకునే వ్రతాలు కూడా తాత్కాలికమే. తక్కువలో తక్కువ మూడేళ్ళు, మామూలుగా ఆరేళ్ళ దాకా, అవసరమైతే మొత్తం తొమ్మిదేళ్ళ దాకా. ఆ తర్వాతే శాశ్వత వ్రతాలు. గడప దాటి బయటికి రాకుండా మఠంలోనే ఉండిపోయే సన్యాసినులకైతే, 2018లో వాటికన్ ఇచ్చిన నిబంధనల ప్రకారం మొత్తం శిక్షణ తొమ్మిదేళ్ళకి తగ్గకూడదు.

ఇక మిగతా అర్హతలు చూస్తే మన హెచ్చార్ వాళ్ళు గుర్తొస్తారు. జ్ఞానస్నానం సర్టిఫికెట్ కావాలి. పెళ్ళి బంధంలో లేనన్న రుజువు కావాలి. ఆరోగ్యం, స్వభావం, మనసు పరిపక్వత చూసుకోవాలి. ఇదంతా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషనే :) పెళ్ళై భర్త ఉన్నావిడ చేరటానికి లేదు. భర్త పోయినావిడ చేరచ్చు. బలవంతం వల్లో, భయం వల్లో, మోసం వల్లో చేరితే ఆ చేరిక చెల్లనే చెల్లదు. ఇంకో రూలుంది, చదివి ఆశ్చర్యపోయాను. తీర్చలేని అప్పులున్నవాళ్ళని చేర్చుకోకూడదు. ఈఎంఐలున్నవాళ్ళకి దేవుడు కూడా ఆగాల్సిందే అన్నమాట.

నవ్వుకున్నాను గానీ మా అమ్మాయి చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. ఊళ్ళో అమ్మానాన్నల కోసం ఇల్లు కట్టించి లోను తీసుకుంది. ఇంకా రెండేళ్ళ వాయిదాలున్నాయి. తను చేరదలచిన సంస్థ 30 దాటినవాళ్ళని మామూలుగా తీసుకోదు. లోను తీరేసరికి గీత దాటిపోతుంది.

ఈ పై గీత సంగతి కూడా చూశాను. చర్చి చట్టంలో గరిష్ఠ వయసు అంటూ లేదు. ఏ సంస్థకి ఆ సంస్థ రాసుకుంటుంది. చాలాచోట్ల 30, 35 అంటారు. కారణం ఊహించటం కష్టమేమీ కాదు. పదిమందితో కలిసి ఒకే కప్పు కింద, ఇంకొకరి మాట ప్రకారం బతకటం నేర్చుకోవాలి. వయసు పెరిగేకొద్దీ మన అలవాట్లు గట్టిపడిపోతాయి. ముప్ఫై దాటిన బ్యాచిలర్లని రూమ్మేటుగా పెట్టుకున్నవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

కానీ గీత దాటినవాళ్ళ చరిత్ర కూడా ఉంది, అదీ మన గుంటూరులోనే. మేరీ గ్లౌరీ అని ఆస్ట్రేలియా డాక్టరు. 1887లో పుట్టింది. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో మెడిసిన్ చదివి, అక్కడే ప్రాక్టీసు పెట్టి, 1919లో ఎండీ కూడా చేసింది. ఆ మరుసటి ఏడు, 1920లో, అన్నీ వదిలేసి గుంటూరొచ్చి జేఎంజే సిస్టర్లలో చేరింది. అప్పటికావిడ వయసు 32. ఆ రోజుల్లో సిస్టర్లు వైద్యం చెయ్యటానికి, ముఖ్యంగా పురుళ్ళు పొయ్యటానికి, చర్చి ఒప్పుకునేది కాదు. ఆవిడకి రోము నుంచి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాల్సొచ్చింది. మిగతా సిస్టర్లందరికీ ఆ అడ్డు తొలగింది 1936లో. 1943లో ఆవిడ మొదలుపెట్టిన కాథలిక్ ఆసుపత్రుల సంఘం ఇవాళ సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేస్తోంది. 32 ఏళ్ళని "ఏజ్ బార్" అని ఎవరైనా తిప్పి పంపేసుంటే గుంటూరు ఎంత పోగొట్టుకునేదో ఆలోచించండి.

మా విశాఖ వైపు కూడా ఒక కథ ఉంది. మా వాళ్ళకి సెయింట్ జోసెఫ్ సిస్టర్లంటే బాగా తెలుసు. వాళ్ళు ఆనెసీ అనే ఊరి నుంచి 1849లో ఈ తీరానికొచ్చారు. ఆ ఆనెసీ ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది. అదే ఊళ్ళో 1610లో విజిటేషన్ అనే వేరే సంస్థ పెట్టినావిడ జేన్ ద షాంతాల్. భర్త పోయి, పిల్లలున్న తల్లి. అప్పటికావిడ వయసు 38. కాబట్టి పై గీత అన్నది దేవుడు గీసింది కాదు. అడిగితే సడలించే అధికారం కూడా సంస్థలకుంటుంది. మా అమ్మాయికి అదే చెప్పాను, ఉత్తరం రాసి అడగమని.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం కింది గీత. 1563లో ట్రెంట్ మహాసభ వ్రతాలకి 16 నిండాలంది. ఆడపిల్లని బలవంతాన మఠంలో పెట్టినవాళ్ళని శపించింది కూడా. కట్నాలివ్వలేక కూతుళ్ళని మఠాల్లో వదిలేసే కుటుంబాలు యూరప్‌లో ఉండేవి మరి. 1917 చట్టంలో నొవిషియేట్‌కి 15 చాలు. 1983 నాటికి అది 17 అయింది. లిసియూ థెరీసా 1887లో పోప్ దగ్గరికెళ్ళి బతిమాలి, 1888లో 15 ఏళ్ళకే కార్మెల్ మఠంలో చేరింది. మరుసటి ఏడు మొదట్లో, 16 నిండగానే, నొవిషియేట్‌లోకి వెళ్ళింది. ఇవాళైతే ఆవిణ్ణి ఇంకో ఏడాది ఆగమనేవాళ్ళు. నాలుగు వందల ఏళ్ళలో చర్చి నేర్చుకున్నది ఒక్కటే: తొందరపెట్టద్దు, మళ్ళీ మళ్ళీ అడగండి.

అయితే ఇక్కడో తిరకాసుంది. చట్టంలో 17 అన్నది నొవిషియేట్‌కి. మన దేశంలో టెన్తో ఇంటరో అవగానే ఆడపిల్లల్ని అభ్యర్థులుగా తీసుకునే సంస్థలు చాలా ఉన్నాయి. పదహారేళ్ళ పిల్ల, ఇంట్లో ఇబ్బందులు, అక్కడ చదువూ భోజనమూ. ఆ పిల్ల చెప్పే "నాకిష్టమే" ఎంత బరువైందో నాకు అనుమానమే. 28 ఏళ్ళకి, సొంత జీతం చేతిలో ఉండగా, అదే మాట చెప్పిన అమ్మాయి మీద నాకు ఆ అనుమానం రావటంలేదు. తమాషా ఏమిటంటే మనవాళ్ళు మొదటి పిల్లకి "దేవుడి పిలుపు" అంటారు, రెండో అమ్మాయికి "పిచ్చి" అంటారు.

మొన్న ఊరెళ్ళినప్పుడు మా అమ్మకి ఈ సంగతి చెబితే "బంగారంలాటి ఉజ్జోగం ఒగ్గీసి ఎలిపోద్దేటిరా ఆ పిల్ల? మనసు మారితేటి?" అంది. మారితే వచ్చేయచ్చమ్మా, నొవిషియేట్‌లో ఎప్పుడైనా వచ్చేయచ్చు, తాత్కాలిక వ్రతాల గడువు అయిపోగానే కారణం చెప్పకుండా వచ్చేయచ్చు అన్నాను. శాశ్వత వ్రతాల తర్వాతే అనుమతి తెచ్చుకోవాల్సొస్తుంది. అమ్మ కాసేపాగి "మన పిల్లలకి అలాటిది లేదు కదరా" అంది. నిజమే. మా పెద్దనాన్న కూతురి పెళ్ళిచూపులకీ ముహూర్తానికీ మధ్య 19 రోజులు. మా ఊళ్ళో అంకుడు కర్రని కూడా తెచ్చిన రోజే లేతు మీదకి ఎక్కించరు, ఆరనిస్తారు. లేకపోతే బొమ్మ పగులుతుంది.

ఇదంతా వాళ్ళ నాన్నగారికి ఫోన్లో వివరించాను. "అయిదారేళ్ళ పాటు మీ అమ్మాయిని వాళ్ళే మళ్ళీ మళ్ళీ అడుగుతారండీ" అన్నాను. ఆయన అంతా విని ఒకే ఒక ప్రశ్న వేశారు. "సరే నాయనా, నాలుగేళ్ళకి వచ్చేసిందనుకో. అప్పుడు దానికి ఉద్యోగం ఎవరిస్తారు? ఊళ్ళో దాన్ని ఏమంటారు?"

దీనికి జవాబు కోసం మళ్ళీ చట్టం తిరగేశాను. బయటికొచ్చినవాళ్ళు తాము చేసిన పనికి సంస్థ నుంచి ఏమీ హక్కుగా అడగటానికి లేదు. సంస్థ మాత్రం న్యాయంగా, దయగా చూడాలని రాసుంది. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, దయ ఉంది. ఆ దయ ఎంతన్నది ఆ సంస్థ ఇష్టం. టీచరు సిస్టర్ల జీతం సంస్థకే పోతుంది, అయినా టీడీఎస్ కోయాల్సిందేనని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆదాయప్పన్ను వాళ్ళకి జీతంగా కనపడే డబ్బు, బయటికొచ్చిన మనిషికి మాత్రం పొదుపుగా మిగలదు. ఇది నాకు నచ్చలేదు. వెళ్ళే దారి తెరిచుంచినవాళ్ళు దారి ఖర్చులు కూడా ఇవ్వాలి కదా.

ఇక రెండో సగం, "ఏమంటారు" అన్నది. అది చర్చి చేతిలో లేదు, మన చేతిలోనే ఉంది. కాన్వెంటు నుంచి తిరిగొచ్చిన అమ్మాయిని చుట్టాలు "ఏం చేసిందో, పంపించేశారు" అంటారు. ఇంటర్వ్యూలో మనం "ఈ నాలుగేళ్ళ గ్యాపేమిటి?" అంటాం, అదీ నేరం చేసినవాణ్ణి అడిగినట్టు. ఎంబీఏ మధ్యలో మానేసినవాడికీ, స్టార్టప్ పెట్టి మూసేసినవాడికీ ఇచ్చే మర్యాద ఈ అమ్మాయికి ఉండదు. ఫెయిలైన స్టార్టప్ అంటే "అనుభవం", ఫెయిలైన పిలుపు అంటే "మచ్చ". ఎందుకో నాకర్థం కాదు. తొమ్మిదేళ్ళ దాకా తలుపు తీసుంచిన చట్టం వాళ్ళది. బయట వీధి తలుపు మూసేది మనం. బయటికి రావటం అంత అవమానమైనప్పుడు లోపల ఉండిపోవటం స్వేచ్ఛ ఎలా అవుతుంది? ఇష్టంలేకున్నా ఉండిపోయే ప్రతి సిస్టర్ వెనకా, మనలాంటి నలుగురి నోళ్ళు ఉన్నాయి.

కాబట్టి ఆవిణ్ణి నేను వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఇంటి లోను త్వరగా తీర్చే లెక్క మాత్రం ఇద్దరం కూర్చుని ఎక్సెల్లో వేశాం. బోనసూ, పాత షేర్లూ కలిపితే 14 నెలల్లో తీరుతుంది. అప్పటికి ఆవిడకి ఇంకా 30 నిండవు. వాళ్ళ నాన్నగారికి ఒక మాట ఇచ్చాను: తను ఎప్పుడు తిరిగొచ్చినా రెజ్యూమే నాకు పంపమనండి, రిఫరల్ నాది. ఆయన సంతోషపడ్డారని చెప్పను. "సర్లే బాబూ" అన్నారు, అంతే.

మీలో చాలామంది ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూర్చుంటారు. ఎప్పుడో ఒక రెజ్యూమేలో నాలుగేళ్ళ ఖాళీ, దాని పక్కన ఏదో సంస్థ పేరు కనపడితే, దయచేసి ముందు జావా గురించి అడగండి. ఆ నాలుగేళ్ళ గురించి, ఆవిడ చెప్పాలనుకుంటే చెబుతుంది.

ఉంటాను మరి.