అరిగిన చోటు

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మూడేళ్లుగా టార్పాలిన్ కింద ఒక లేత్ మిషన్ ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లో షాపు మూసేసినప్పుడు నాన్న మిగతావన్నీ అమ్మేసి, ఇదొక్కటే ఇంటికి తెచ్చుకున్నారు. ఈ ఎండాకాలం పాత ఇనుము కొనే అతను వచ్చి కేజీల లెక్కన ధర చెప్పాడు. అమ్మ సరే అంది. నాన్న ఏమీ అనలేదు. "సెలవులయ్యేదాకా ఆగండి, నేను బాగు చేస్తా" అన్నాను. నేను సీఎస్‌ఈ, స్పానర్ సైజులు కూడా తెలియవు!

తుప్పు వదిలించడానికి కిరసనాయిలు, వైర్ బ్రష్, ఓపిక చాలు. బెడ్ మీద మాత్రం నాన్న ఎమరీ పేపర్ పెట్టనివ్వలేదు. ఆ పొడి స్లైడుల్లోకి పోతే ఇంకా అరగదీస్తుందట. చక్ విప్పి కడిగి, మూడు దవడలూ తోచిన వరుసలో ఎక్కించేశాను. రాడ్డు వంకరగా తిరిగింది. వాటి మీద 1, 2, 3 అని నంబర్లుంటాయని అప్పుడు చూశా. ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజే కాబట్టి మోటారు మార్చాం.

మొదటి జాబ్: 25 మి.మీ. రాడ్డుని 24 చేయాలి. టూల్‌ని 1 మి.మీ. లోపలికి తిప్పాను. కొలిస్తే 23! ఒక పక్క 1 కోస్తే వ్యాసం 2 తగ్గుతుందని తట్టలేదు. ఇక్కడ కంట్రోల్ జెడ్ లేదు.

ఇంకో రాడ్డు కోస్తే ఆ చివరకీ ఈ చివరకీ 0.06 మి.మీ. తేడా వచ్చింది. కాళ్ల కింద రేకు ముక్కలు పెట్టి లెవెల్ చేశాం. కొంత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నాన్న నా చేత క్యారేజీని చక్ దగ్గర నుంచి ఆ చివరిదాకా తిప్పించారు. చక్ దగ్గర వదులుగా ఉంది, అటు పోయేకొద్దీ బిగుసుకుంది.

"జాబులన్నీ చక్ దగ్గరే కదరా చేసేది. పద్దెనిమిదేళ్లు అక్కడే అరిగింది."

నన్ను ఇంగ్లీష్ మీడియంలో చదివించిన ఫీజులన్నీ ఆ మూరెడు మేర నుంచే వచ్చాయని అప్పుడు అర్థమైంది. ఒక్కసారి కూడా ఆ షాపులో గంట సేపు కూర్చోలేదు నేను.

బెడ్ గ్రైండింగ్ చేయిస్తే సరవుతుంది, కానీ ఆ ఖర్చు మా వల్ల కాదు. "తేడా ఎక్కడుందో, ఎంతుందో తెలిస్తే దాన్ని చూసుకుని కోయొచ్చు" అన్నారు నాన్న. కోత కోతకీ మైక్రోమీటర్‌తో ఎలా కొలవాలో పక్కన నిలబడి చూపించారు.

పాత ఇనుము అతను మళ్లీ వస్తే నాన్నే వెళ్లి "పని చేస్తోందయ్యా" అని పంపేశారు.

నిన్న హాస్టల్ నుంచి ఫోన్ చేశాను. పక్కింటి వాళ్ల గేటుకి పిన్ను చేస్తున్నా, తర్వాత మాట్లాడతా అని పెట్టేశారు.