అమ్మకమునకు వచ్చిన ఇల్లు

రామతీర్థములో మా తాతగారు కాపురముండిన పెంకుటిల్లు అమ్మకమునకు వచ్చినది. జ్ఞాతులలో కడపటివారు గూడ పట్టణము చేరిరి. బేరము కుదుర్చుకొనుటకై గత వేసవి సెలవులలో మేము అచటికి పోయితిమి.

నెల్లిమర్ల దాటిన పిమ్మట బోడికొండ యెప్పటివలెనే కనబడెను. ఇంటి యరుగులు మాత్రము క్రుంగియుండెను. కొనదలచినవాడు మాకంటె ముందే వచ్చి మండువా స్తంభములను తట్టి చూచుచుండెను. “ఇల్లేటుంది మాష్టారూ! జాగాకొక ధర, కర్రకొక ధర. గోడలు పడగొట్టిన కర్చు మీరే తగ్గించుకోవాల” అనెను. మా మనస్సు చివుక్కుమన్నది.

ఇంగ్లీషు చదువు చదివినవారము గనుక మాకు వెంటనే ఆ దేశపు ఇండ్లు జ్ఞప్తికి వచ్చినవి. సస్సెక్సు సీమలోని ఆల్‌ఫ్రిస్టను అను చిన్న యూర పదునాల్గవ శతాబ్దమునాటి గడ్డికప్పు ఇల్లొకటి కలదు. మతాచార్యుల నివాసముగా నుండి శిథిలమైన దానిని, 1895లో స్థాపింపబడిన నేషనల్ ట్రస్టు మరుసటి యేట 10 పౌనులకు కొని బాగుచేయించెను. ఆ సంఘము కొన్న మొదటి కట్టడ మదియే. నేడచట ప్రాచీనగృహముల పట్టికలో చేరిన యింటిని, కొన్నవాడు సయితము అనుమతి లేనిదే కూల్చరాదు. మనకట్టి బుద్ధి యెన్నడు గలుగునా యని తలపోయుచు పెరటివైపు గదిలోనికి పోయితిమి.

ఆ గదికి కిటికీ లేదు. మా తాతగారి అక్కగారు తన జీవితమునెల్ల అందులోనే గడపిరి. ఎనిమిదవ యేట వివాహము, పదవ యేట వైధవ్యము. 1929 నాటి శారదా చట్టము రాకముందటి మాట. మా చిన్నతనమున ఆమె ఆ గడపకడ కూర్చుండి మాకు బెల్లముతో అటుకులు పెట్టెడివారు. గోడమీద వరుసలుగా బొగ్గుగీతలుండెను. అవి యేదో ఆట లెక్కలని మేమనుకొంటిమి. ఆమె పోయిన చాల యేండ్లకు, అవి ఆమె యుపవాసమున్న ఏకాదశులని మా నాయనమ్మ చెప్పినది. ఇప్పటికిని ఆ గోడకు సున్నము పడలేదు.

ఈ గది కూలిపోవుటయే మేలని యొక క్షణము తోచెను. బాలికను బంధించిన గోడలకు సంరక్షణమేల? కాని వెంటనే వేరొక యిల్లు మనస్సున మెదలెను. 1892లో తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడిన కన్యాశుల్కమును రచించిన గురజాడ అప్పారావుగారి ఇల్లు విజయనగరమున స్మారకముగా నిలిచియున్నది. అది న్యాయమే. అయితే ఎవరి దుఃఖము ఆ గ్రంథమునకు మూలమో, అట్టివారి గదులు కర్ర లెక్కన పోవుచున్నవి.

కొనువానిని నిందించి లాభమేమి? ఇరువది యేండ్లుగా మేము తరగతిలో సంఘసంస్కరణ పాఠములు చెప్పుచున్నాము. వితంతు వివాహచట్టము 1856లో వచ్చినదనియు, వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరనియు పిల్లలచే వల్లె వేయించితిమి. మా ఇంటి గోడను గూర్చి మాత్రము ఒక్కనాడును నోరు విప్పలేదు. అది పరువు తక్కువ యని మా మనస్సున నుండెను కాబోలు.

ఇల్లు నిలుపుట మాకు శక్యము కాలేదు. అందులో మాది అయిదవ వంతు మాత్రమే. ఆషాఢము వెళ్లువరకు గడువడిగితిమి; ఆయన మారుమాటాడక యిచ్చెను. బడి తెరచిన పిమ్మట మా పదవ తరగతి పిల్లలను అచటికి తీసికొనిపోయి, గది తలుపు తీసి, ఆమె కథ చెప్పితిమి. ఒక బాలిక వ్రేలితో గీతలను లెక్కింప నారంభించి, మూడవ వరుసలో ఆగిపోయి, “ఆమె పేరేమిటండీ?” అని యడిగినది.

మేము తెల్లబోతిమి. ఇంటిలో అందరును ఆమెను అమ్మమ్మయనియే పిలిచెడివారు. ఆ రాత్రి మా పెదతండ్రిగారి నడిగి తెలిసికొంటిమి. శ్రావణమున దస్తావేజుపై సంతకము చేసితిమి. అందులో స్తంభములు, తలుపులు, దూలములు అన్నియు వివరముగా వ్రాయబడియున్నవి. ఆమె పేరు వ్రాయుటకు అందు తావులేదు. మా పాఠముల పుస్తకమున వ్రాసికొంటిమి.