పేరు పోయిన స్టీల్ గిటార్

పెడల్ స్టీల్ గిటార్‌ని పెట్టెలో బోర్లా పెడతారు. మూత తీయగానే అడుగు భాగం కనిపిస్తుంది. కాళ్లు బిగించాకే దాన్ని లేపి నిలబెడతారు. చేతులు మారిన పాత వాద్యం కొన్నవాళ్లు చాలామంది ఆ పనంతా గబగబా ముగించి, ముందువైపు తయారుచేసినవాళ్ల పేరు ఎక్కడుందా అని వెతుకుతారు. పేరు ఊడిపోయి రెండు స్క్రూ రంధ్రాలే మిగిలి ఉంటే దిగాలుపడతారు. నేనైతే బోర్లా ఉన్నప్పుడే ఆగి చూడమంటాను. చేసిందెవరో చెప్పగలిగేది ఆ అడుగు భాగమే.

మన గోటువాద్యం చూసినవాళ్లకి ఈ గిటార్‌ని ఊహించుకోవడం తేలిక. వాద్యం అడ్డంగా పడుకుని ఉంటుంది, తీగల మీద ఒక దిమ్మ జారుతుంది. గోటువాద్యంలో అది కొయ్యది, ఇక్కడ ఉక్కుది. హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు పేరుతో ముడిపడిన ఈ పద్ధతి 20వ శతాబ్దం మొదట్లో అమెరికా అంతటా పాకింది. 1930లలో దానికి ఎలక్ట్రిక్ పికప్ తోడైంది. కానీ ఒక చిక్కు మిగిలింది. ఉక్కు బార్ తిన్నగా ఉంటుంది కనుక దాని కింద తీగలన్నీ ఒక్కసారే పెరుగుతాయి, ఒక్కసారే తగ్గుతాయి. వాటి మధ్య పొందిక పెద్దగా మారదు. మారాలంటే వేరే శ్రుతిలో కట్టిన మరో మెడ కావాలి. అందుకే ఆ రోజుల్లో రెండేసి, మూడేసి మెడల వాద్యాలుండేవి.

తీగల్లో కావలసినవాటినే కాలితో బిగించే ఏర్పాటు పెడల్. గిబ్సన్ కంపెనీ ఎలక్ట్రాహార్ప్ ముందే ఉన్నా, కథ మలుపు తిరిగింది కాలిఫోర్నియాలో. మోటార్‌సైకిళ్ల పనిలో చేయి తిరిగిన పాల్ బిగ్స్‌బీ 1948లో స్టీల్ వాద్యకారుడు స్పీడీ వెస్ట్ కోసం పెడళ్ల గిటార్ చేసిచ్చాడు. 1954లో గాయకుడు వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’ జనంలోకి వచ్చింది. అందులో బడ్ ఐజాక్స్ తీగలు మోగుతుండగానే పెడల్ తొక్కాడు. ఒక స్వరం కదలకుండా నిలిచి ఉంటే, పక్క స్వరం వంగుతూ వచ్చి దానితో జత కలుస్తుంది. ఆ ధ్వని విన్న స్టీల్ వాద్యకారులకి ఇక పెడళ్లు లేకుండా కుదరలేదు. ఆ అవసరాన్ని చాలావరకు తీర్చింది చిన్న చిన్న వర్క్‌షాపులు, లేత్ పని తెలిసిన మనుషులు. చాలాచోట్ల వాయించేవాడూ చేసేవాడూ ఒక్కరే. ఎవరి బుర్రకి తోచిన యంత్రాంగం వారు కట్టుకున్నారు. ఈ రోజు మనం గుర్తుపట్టగలుగుతున్నామంటే ఆ తేడాల పుణ్యమే.

అడుగున ఏం జరుగుతుందో చూడండి. పెడల్ తొక్కితే నిలువు రాడ్ కిందికి లాగుతుంది. దాంతో వాద్యానికి అడ్డంగా ఉన్న ఇరుసు కొద్దిగా తిరుగుతుంది. ఇరుసు మీది చిన్న చెయ్యి ఇంకో సన్నటి రాడ్‌ని లాగుతుంది. కుడివైపు కొసన ఒక్కో తీగ కింద ఒక్కో ‘ఫింగర్’ ఉంటుంది. రాడ్ లాగితే అది తిరిగి తీగ బిగుస్తుంది. పది తీగల ఇ నైన్ శ్రుతిలో ‘ఎ’ అని పిలిచే పెడల్ రెండు బి తీగలను సి షార్ప్‌కి ఎక్కిస్తుంది. పని అందరిదీ ఇదే, చేసిన తీరే వేరు.

రాడ్ల చోట ఉక్కు కేబుళ్లుంటే 1950ల చివర్లో వచ్చిన ఫెండర్ 400, 1000ల వైపు చూడాలి. షో-బడ్ కంపెనీ వాద్యాల్లోనే కాలాన్ని బట్టి అమరిక మారింది. 1970ల మొదటి వాటిలో ఇరుసుల మీద చట్రాలూ వాటిలో తిరిగే చిన్న బ్యారెళ్లూ ఉంటాయి, తరవాతి వాటిలో రెండు రంధ్రాల లోహపు ముక్కలుంటాయి. కొన్ని రాడ్లు లాగుతూ కొన్ని నెడుతూ ఉంటే అది ఎమన్స్ పుష్-పుల్ కావచ్చు. షో-బడ్‌ని షాట్ జాక్సన్‌తో కలిసి మొదలుపెట్టిన బడీ ఎమన్స్, 1960ల మొదట్లో బయటికి వచ్చి తన పేరుతో నిలబెట్టిన కంపెనీ వాద్యం అది. ఆ పుష్-పుల్ సర్దడం కష్టం, శ్రుతి చేయడానికి ఓపిక కావాలి. అయినా దాని నాదం కోసం ఈనాటికీ వెతుక్కుని కొంటారు. విడిచినప్పుడు ఫింగర్ గట్టిగా ఆనుకుని నిలబడడం వల్లే ఆ నాదమని వాయించేవాళ్లు చెబుతారు. నాకూ ఆ మాట మీద నమ్మకముంది.

పైభాగం మీద అంత నమ్మకం పెట్టుకోలేం. ఫ్రెట్‌బోర్డు మీద పేకముక్కల గుర్తులుంటే షో-బడ్ అనుకోవడం సబబే. కానీ ఇక్కడి ఫ్రెట్‌బోర్డు తీగ నొక్కేందుకు కాదు, చోటు చూపేందుకు పెట్టిన ఒట్టి పట్టీ. విప్పి ఇంకోటి అతికించవచ్చు. పికప్‌లు మారుస్తారు, మోకాలి లీవర్లు తరవాత చేరుస్తారు. పెడళ్ల వరస వాయించినవాడి గుర్తు. ఎ, బి, సి అని ఎడమ నుంచి ఉంటే ఎమన్స్ పద్ధతి, తిరగేసి ఉంటే జిమ్మీ డే పద్ధతి. డే పద్ధతి ఎమన్స్ కంపెనీ వాద్యం మీద కూడా ఉండొచ్చు.

వాల్యూమ్ నాబ్ ఉన్నవాటిలో ఇంకో ఆధారముంది. నాబ్ కింద ఉండే పాట్ (పొటెన్షియోమీటర్) మీద అంకెలు కొట్టి ఉంటాయి. 137తో మొదలైతే సీటీఎస్, 304 అయితే స్టాక్‌పోల్. తరవాతి అంకెలు సంవత్సరం, వారం. 1377125 అంటే 1971లో 25వ వారం. ఆ పాట్ మొదటినుంచీ ఉన్నదే అయితే, గిటార్ అంతకంటే పాతది కాదని మాత్రం తేలుతుంది. బిగ్స్‌బీ ఈ శ్రమ మనకి తప్పించాడు. వాద్యం పూర్తయిన తేదీనే క్రమసంఖ్యగా కొట్టేవాడు.

ఇన్ని చూసినా ఏ పేరుకీ అందని వాద్యాలుంటాయి. ఇరుసులు చేత్తో కోసినవి, రంధ్రాలు కొద్దిగా వరస తప్పినవి, ముందువైపు మాత్రం మంచి మేపుల్ చెక్క. ఫ్యాక్టరీలో పనిచేసే ఎవరో మెషినిస్టు సెలవు రోజుల్లో తన కోసమో స్నేహితుడి కోసమో చేసుకుని ఉంటాడు. అలాంటిదాన్ని అనామకమని తీసిపారేయడం నాకు నచ్చదు. పెడల్ తొక్కి వదిలితే తీగ సరిగ్గా పాత శ్రుతికే తిరిగొస్తోందా అని చూడండి. వస్తోందంటే ఆ మెషినిస్టు తన పనిలో గెలిచాడు. పేరున్న వర్క్‌షాపులన్నీ తలకొట్టుకున్నదీ ఆ ఒక్కదానికోసమే.

కొన్నవాళ్లకి ఒక విన్నపం. అడుగు భాగాన్ని నాలుగు వైపులనుంచీ ఫొటో తీసేదాకా దేన్నీ తుడవకండి, పాలిష్ పెట్టకండి. లోపలి చెక్క మీద పెన్సిల్ గీతలూ అంకెలూ ఉండొచ్చు. మార్చిన రాడ్, అరిగిన స్ప్రింగ్, వంగిన స్క్రూ, ఏదైనా సరే, ఒక సంచిలో వేసి పెట్టెలోనే ఉంచండి. మీ తరవాత కొన్నవాళ్లకి చేసినవాళ్ల ఆచూకీ వాటిలోనే దొరకవచ్చు.