నోరు మరిచినా చెవి మరవని క్రియలు

మా వరికుంటపాడులో కూర్చుని ఫ్రెంచి క్రియల సంగతి మాట్లాడుకుందామంటే మీకు కొంచెం వింతగానే ఉంటుంది. పడమటి దిక్కున వెలిగొండలు, ఊరి చుట్టూ మెట్ట చేలు, ఉదయగిరి బస్సు కోసమో పామూరు బస్సు కోసమో ఎదురుచూసే జనం. ఇక్కడ ఫ్రెంచి ఎవరిక్కావాలి అంటారా? మా మేనకోడలికి కావాలి. డిగ్రీలో ఆ భాష తీసుకుంది. పండక్కి వచ్చినప్పుడు పుస్తకం తెరిచి ఒక పట్టిక చూపించింది. “మామా, ఈ రూపాలు ఫ్రెంచోళ్లే మాట్లాడరంట. మరి నేను నేర్చుకునేది ఎందుకు?” అని అడిగింది. ప్రశ్న నాకు చాలా నచ్చింది. దాని గురించే ఈ పూట కబుర్లు.

ఆ పట్టికలో ఉన్నది సబ్జంక్టివ్ ఇంపర్‌ఫెక్ట్. పేరు చూసి బెదరకండి. జరిగిన పనిని చెప్పడానికి ఫ్రెంచిలో ఒక రకం క్రియ వాడతారు. జరగాలని కోరుకున్నప్పుడు, జరుగుతుందేమోనని భయపడ్డప్పుడు, ‘జరగకముందే’ అన్నప్పుడు, ‘జరిగినా సరే’ అన్నప్పుడు ఇంకో రకం వాడతారు. ఆ రెండో రకమే సబ్జంక్టివ్. ‘వాడు రావాలి’ అని ఇప్పుడంటే ‘ఇల్ ఫో కిల్ వియేన్’. ‘వాడు రావాల్సి ఉండింది’ అని గతంలోకి పోతే, పాత పద్ధతిలో ‘ఇల్ ఫలే కిల్ వేఁ’. మొదటి క్రియ గతంలోకి పోయింది కాబట్టి వెనక ఉన్న క్రియ కూడా దానితో పాటు పోవాలన్నది అక్కడి నియమం. మనకు ఆ బాధ లేదు. ‘వాడు రావాలని అంటున్నా’, ‘వాడు రావాలని అన్నా’. రెండు చోట్లా ‘రావాలని’ కదలకుండా ఉంది చూడండి. అందుకే మన పిల్లలకు ఈ పట్టిక కొత్తగా తోస్తుంది.

కొత్తదే గానీ కష్టమైంది మాత్రం కాదు. కథలు చెప్పడానికి పుస్తకాల్లో వాడే భూతకాలం ఒకటుంది, పాసే సాంప్ల్ అంటారు. అందులో ‘నువ్వు’ రూపం తీసుకుని దాని చివర ‘స్’ పలికే ముక్క చేర్చడమే. పార్లే అంటే మాట్లాడటం. దాన్నుంచి పార్లాస్. ఫినీర్ అంటే ముగించడం. దాన్నుంచి ఫినిస్. ‘ఉండు’ అనే క్రియకు ఫ్యూస్. ‘వచ్చు’ అనే వెనీర్‌కు వేఁస్. ఆ, ఇ, యు, ముక్కుతో పలికే ఏఁ. భాషలోని క్రియలన్నీ ఈ నాలుగు అచ్చుల్లో ఏదో ఒకదాని కిందికి వచ్చేస్తాయి. పాసే సాంప్ల్ తెలిస్తే చాలు, ఈ నియమానికి తప్పిపోయే క్రియ ఒక్కటీ లేదు. ఇంత ముచ్చటైన నియమం ఫ్రెంచి వ్యాకరణంలో అరుదు. ఆరు పురుషలకూ ఆరు రాతలున్నా చెవికి వినిపించేవి నాలుగే: పార్లాస్, పార్లా, పార్లాస్యోఁ, పార్లాస్యే.

ఈ నాలుగింట్లో ‘పార్లా’ దగ్గర కొంచెం ఆగుదాం. ‘అతను మాట్లాడాడు’ అన్నా పార్లా, ‘అతను మాట్లాడాలని’ అన్నా పార్లా. పలుకు ఒకటే. రాతలో మాత్రం రెండోదానికి చివర త అక్షరం ఉంటుంది, అచ్చు నెత్తిన చిన్న టోపీ గుర్తు ఉంటుంది. ఆ టోపీ అలంకారం కాదు. లాటిన్‌లో ఈ రూపాల్లో రెండు ‘స’లు పలికేవి. పాత ఫ్రెంచిలో ఈ చోట ఒక ‘స’ మిగిలి, పలకడం ఆగిపోయినా రాతలో నిలిచింది. ఫ్రెంచి అకాడమీ 1740 నాటి నిఘంటువులో అలాంటి మూగ ‘స’లను వేలాది మాటల్లోంచి తీసేసి, పోయిన అక్షరానికి గురుతుగా టోపీ పెట్టింది. 1990లో ఇ, యు అచ్చుల మీది టోపీలు చాలావరకు అక్కర్లేదని కొత్త రాత సూచించినప్పుడు కూడా ఈ క్రియల మీద వాటిని అలాగే ఉంచారు. తీసేస్తే ‘ఉండెను’ అన్న ఫ్యూకూ ‘ఉండాలని’ అన్న ఫ్యూకూ తేడా చూపేది ఏదీ మిగలదు.

మరి ఇంత చక్కని రూపాన్ని ఫ్రెంచోళ్లు నోటి నుంచి ఎందుకు వదిలేశారు? అక్కచెల్లెళ్ల భాషలు వదలలేదు. ఇటలీలో పార్లాస్సి అని ఈనాటికీ మాట్లాడుకుంటారు. స్పానిష్‌లో ఆబ్లాసే ఉంది, పోర్చుగీసులో ఫలాసి ఉంది. ఫ్రెంచిలో జరిగిందేమంటే, పాసే సాంప్ల్ మాటల్లోంచి తప్పుకుని పుస్తకాల్లోకి చేరింది. దానితో ఒకే మూలరూపం పంచుకునే ఈ సబ్జంక్టివ్ కూడా దాని వెంటే పోయింది. ‘పార్లాస్యోఁ’ లాంటి పొడుగు రూపాలు చెవికి ఎబ్బెట్టుగా తోచడం ఒకటి తోడైంది. అందుకే ఫ్యూ, ‘కలిగి ఉండు’ అనే క్రియకు చెందిన యూ లాంటి చిన్న రూపాలు ఎక్కువ కాలం నిలిచాయి. సామెతల్లాంటి కొన్ని పలుకుబడుల్లోనూ, ‘దేవుడి దయవల్ల అలా జరిగి ఉంటే’ అనే పాత కోరికలోనూ ఇప్పటికీ ఉన్నాయి.

సర్కారు కూడా ఈ సంగతి గమనించింది. 1901 ఫిబ్రవరిలో ఫ్రాన్సు విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ‘అయితే బాగుండును’ అనే తరహా వాక్యాల వెనక పిల్లలు పాత రూపానికి బదులు వర్తమాన సబ్జంక్టివ్ రాసినా పరీక్షలో తప్పు పట్టొద్దని చెప్పింది. 1976 డిసెంబరులో ఇంకో ఉత్తర్వు ఆ వెసులుబాటును మామూలు భూతకాల వాక్యాలకూ చాపింది.

1901 అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? ఇంకో పదేళ్లకు మన దగ్గరా ఇదే పంచాయితీ. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి నుంచి వ్యావహారిక భాష కోసం పోరాడారు. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం రాశారు. పిల్లలు బడిలో రాసే తెలుగు, ఇంట్లో మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉండాలా, లేక చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్పినట్టు ఉండాలా అన్నదే తగువు. నేను గిడుగు పక్షమే. ‘వచ్చుచున్నాడు’ అని రాయమని ఏ పిల్లనూ కట్టడి చేయకూడదు. అయితే గిడుగువారు పాత కావ్యాలను, శాసనాలను ఎంత లోతుగా చదివినవారో కూడా మరిచిపోకూడదు. రాయమని బలవంతం చేయడం వేరు, చదివితే అర్థమయ్యేలా చేయడం వేరు.

ఈ తేడా మా పల్లెలకు ఎప్పటినుంచో తెలుసు. తిరనాళ్లకు పద్య నాటకం పెట్టిస్తే తెల్లవార్లూ కూర్చుని చూసిన తరం మాది. కురుక్షేత్రమైనా, సత్యహరిశ్చంద్ర అయినా, వేదిక మీద కృష్ణుడో హరిశ్చంద్రుడో ‘పోయెదను’ అంటాడు, ‘వినుము’ అంటాడు. కింద కూర్చున్న రైతు ఇంటికి పోయి భార్యతో ‘పోతా ఉండా’ అనే అంటాడు. అయినా పద్యం అర్థమైంది కాబట్టే ‘ఒన్స్ మోర్’ అని అరిచాడు. నోరు పలకని క్రియను చెవి పట్టుకుంది. పెన్న ఒడ్డున నెల్లూరులో ఏడువందల ఏళ్లకు పైగా కిందట తిక్కన విరాటపర్వం నుంచి భారతం పదిహేను పర్వాలు చెప్పాడు. మనం ఆయన క్రియల్లో మాట్లాడటం లేదు. ఆయన్ని వదులుకోనూ లేదు. అంతదూరం ఎందుకు, మీ బీరువాలో ఉన్న పెళ్లి శుభలేఖ తీసి చూడండి. ‘విచ్చేసి ఆశీర్వదింప ప్రార్థన’ అని ఉంటుంది. ఎదురుపడి పిలిచేటప్పుడు ‘పెళ్లికి రావాల’ అంటాం.

ఇక మా మేనకోడలి ప్రశ్నకు నా జవాబు. ఫ్రెంచిలో మన తెలుగువాళ్ల సంగతులు చాలా ఉన్నాయమ్మా అన్నాను. 1753లో దక్కను పాలకుడు సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి పోయిన సైన్యానికి ఫ్రెంచి సేనాని బుస్సీ అండ ఉంది. యానాంలో ఫ్రెంచి జెండా 1954 వరకు ఎగిరింది. అక్కడి తెలుగు ఇళ్లలో పుట్టుకలు, పెళ్లిళ్లు ఫ్రెంచి రిజిస్టర్లలోకి ఎక్కాయి. భారత్, ఫ్రాన్సుల 1956 నాటి ఒప్పందంలో, ప్రజాప్రతినిధులు మరోలా తీర్మానించేదాకా యానాం లాంటి ఆ ఫ్రెంచి ప్రాంతాలకు ఫ్రెంచే అధికార భాషగా ఉంటుందని రాసుకున్నారు. 1962 ఆగస్టులో ఆ ఒప్పందం అమల్లోకి వచ్చింది. 18, 19 శతాబ్దాల ఫ్రెంచి ఉత్తరాల్లో, జ్ఞాపకాల్లో ఈ క్రియలు చాలా మామూలుగా దొర్లుతాయి. ‘రాజు లొంగిపోయాడు’ అని రాశారా, ‘లొంగిపోవాలని’ మాత్రమే రాశారా? పాత చేతిరాతలో టోపీ గుర్తు పెట్టకుండా వదిలేస్తే, ముందున్న మాటలను బట్టి ఏ క్రియో పోల్చుకోవాలి. పోల్చుకోలేకపోతే జరగని పనిని జరిగిందని రాసేస్తాం. మన చరిత్రను ఇంగ్లీషు అనువాదం కోసం ఎదురుచూడకుండా మనమే చదువుకోవాలంటే ఈ చదువు అక్కరకొస్తుంది.

కాబట్టి ఈ క్రియలు నేర్చుకునే పిల్లలుంటే వాళ్లకు ఈ మాట చెప్పండి. ఆరు రూపాలూ బట్టీ పట్టి మాటల్లో వాడక్కర్లేదు. ముందు ‘అతను’ రూపాలు పట్టుకోండి. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేవి అవే. ఫ్యూ, యూ, పార్లా, వేఁ, ఈ నాలుగు టోపీ క్రియలు పోల్చుకోవడం వస్తే, విక్టర్ హ్యూగో 1862లో అచ్చువేసిన ‘లే మిజెరాబ్ల్’లో ఒక పేజీ తెరిచి పెన్సిలుతో వాటి కింద గీతలు గీయండి. ప్రతి గీత దగ్గరా ‘ఇది జరిగిందా, జరగాలనుకున్నదా?’ అని అడగండి. రోజుకొక పేజీ చాలు. కొన్నాళ్లకు గీతలు గీయాల్సిన పని లేకుండానే కథ సాగిపోతుంది. వ్యాకరణం నేర్చుకున్న ఫలం అదే.